నిలదీస్తే నీళ్ళు నమిలాడు

ఈసారి ఉత్తరాల కట్ట విప్పితే సగానికి పైగా ఒకే మాట చుట్టూ తిరుగుతున్నాయి. అందుకని మిగతావి వచ్చే సంచికకి వాయిదా వేసి వీటినే ముందేసుకున్నాను. సామెతల గురించి రాసినవాళ్ళు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మా అబ్బాయి పరీక్షలో 'నిలదీయు' అంటే 'అడుగు' అని రాశాడు. టీచరు సగం మార్కే వేశారు. అర్థం సరైనదే కదా, ఆ సగం ఎందుకు పోయినట్టు?

జవాబు: టీచరు మంచివారు. నేనైతే పావు మార్కు వేసి ఊరుకునేవాణ్ణేమో.

నిలదీయడంలో అడగడం ఉన్న మాట నిజమే. కానీ అసలు బరువంతా 'నిల' మీద ఉంది. నిలుచు, నిలుపు, నిలబడు అన్నీ ఆ ఇంటి మాటలే. నిల పక్కన తీయు చేరితే 'త' కాస్తా 'ద' అయి నిలదీయు అయింది. నిలదొక్కుకోవడంలోనూ జరిగింది అదే, అక్కడ చేరింది తొక్కు. చిత్రమేమిటంటే ఒకటి మన కాళ్ళ మీద మనం నిలబడడం, ఇంకోటి ఎదుటివాణ్ణి కదలనివ్వకుండా నిలబెట్టడం. దారిన పోతున్నవాణ్ణి ఆపి, తప్పుకుపోయే సందు లేకుండా ఎదురుగా నుంచుని, ఇప్పుడు చెప్పు అనడం, అదీ నిలదీయడమంటే. గొంతు పెద్దది చేశారా లేదా అన్నది తర్వాతి సంగతి, చాలా మెల్లగా కూడా నిలదీయొచ్చు. నన్నడిగితే మెల్లగా నిలదీసేవాళ్ళకే ఎక్కువ భయపడాలి.

వాక్యంలో పెట్టి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 'నన్ను పుస్తకం అడిగాడు' అంటాం, అడగడానికి మనిషీ ఉంటాడు, వస్తువూ ఉంటుంది. 'నన్ను పుస్తకం నిలదీశాడు' అని ఎవరూ అనరు. నిలదీయడానికి మనిషే కావాలి. విషయాన్ని 'గురించి' అనో 'మీద' అనో పక్కన తగిలించుకోవాల్సిందే. ఆరా తీయడం అలా కాదు, నా గురించి ఎవరో ఎక్కడో ఆరా తీయొచ్చు, ఆ సమయానికి నేను ఇంట్లో పడుకుని నిద్రపోతూ ఉండొచ్చు. నిలదీయాలంటే మాత్రం నేను ఎదురుగా ఉండి తీరాలి, కనీసం ఫోన్‌లోనైనా.

ఒక ఇల్లు ఊహించుకోండి. పదిహేడేళ్ళ కుర్రాడు రాత్రి పదకొండున్నరకి ఇంటికొచ్చాడు.

'ఇంతసేపూ ఎక్కడున్నావురా?' అంది తల్లి. ఇది అడగడం.

ఫ్రెండు వాళ్ళింట్లో కంబైన్డ్ స్టడీ అన్నాడు వాడు. ఏ ఫ్రెండు, ఏ సబ్జెక్టు, ఎన్ని చాప్టర్లయ్యాయి, వాళ్ళమ్మ ఇంట్లో ఉందా, ఉంటే అన్నం తిని వెళ్ళమనలేదా, అంటూ ఒక్కో జవాబులోంచి ఇంకో ప్రశ్న తీసింది. ఇది గుచ్చి గుచ్చి అడగడం. తరచి తరచి అడగడం అన్నా తప్పు లేదు, తరచడమంటే పాతకాలంలో చిలకడమే, మజ్జిగ చిలికినట్టు చిలికితే ఏదో ఒకటి పైకి తేలక మానదు కదా.

వాడు స్నానానికి వెళ్ళగానే ఆ ఫ్రెండు వాళ్ళమ్మకి ఫోన్ చేసి, ఏం వదినగారూ బాగున్నారా అని మొదలుపెట్టి, చివర్లో ఏమీ ఎరగనట్టు మావాడు ఎన్నింటికి బయల్దేరాడండీ అంది. ఇది ఆరా. తర్వాత చిన్న కూతుర్ని ఒళ్ళో కూచోబెట్టుకుని జడ విప్పుతూ, అన్నయ్య నీకేమైనా చెప్పాడేంటే, నేను నాన్నకి చెప్పన్లే అంది. ఇది కూపీ లాగడం. (కూపీ మన మాట కాదు, రహస్యం అనే అర్థంలో ఉర్దూలో వాడే ఖుఫియా ఇటొచ్చి కూపీ అయింది. అందుకే బహిరంగంగా అడిగేదాన్ని కూపీ అనకూడదు, చాటుగా లాగాలి.)

వాడు తల తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి గుమ్మానికి అడ్డంగా నుంచుంది. 'నువ్వు వాళ్ళింటికే వెళ్ళలేదట. నాకెందుకు అబద్ధం చెప్పావు?' ఇది నిలదీయడం.

చూశారా, ఆ ఆఖరి ప్రశ్న వేసేనాటికి ఆవిడకి జవాబు సగం తెలుసు. ఆవిడకిప్పుడు సమాచారం అక్కర్లేదు, సమాధానం కావాలి. ఈ రెండూ వేరు. తెలియక అడిగేది ప్రశ్న, తెలిసి అడిగేది నిలదీత. మీ అబ్బాయికి పోయిన సగం మార్కు అక్కడే ఉంది.

ఇంకొక్క మాట చెప్పి వదిలేస్తాను. నిలదీయడానికి ఒక హక్కు ఉండాలి. 'ఓటర్లు ఎమ్మెల్యేని నిలదీశారు' సహజంగా ఉంది, 'తహసీల్దారు బంట్రోతుని నిలదీశాడు' అంటే చెవికి ఏదో తేడా కొడుతుంది. పైవాడు కిందివాణ్ణి గద్దిస్తాడు, సంజాయిషీ అడుగుతాడు, క్లాసు పీకుతాడు. వాడికి నిలదీయాల్సిన అవసరం రాదు, అధికారం ఉంది కాబట్టి. అధికారం లేకపోయినా అడిగే హక్కు మాత్రం ఉన్నవాళ్ళు వాడుకునే మాట ఇది. భార్యాభర్తలు, అన్నదమ్ములు, పాలివాళ్ళు ఒకరినొకరు నిలదీసుకుంటారంటే కూడా లెక్క అదే, ఇద్దరికీ అడిగే హక్కుంది మరి. నిలదీయించుకున్నవాడు ముందుగా అనే మాట గమనించండి: 'నన్నే నిలదీస్తావా? నన్ను అడగడానికి నువ్వెవడివి?' ప్రశ్న జోలికి పోడు, అడిగేవాడి హక్కు మీదికి పోతాడు.

లోక్‌సభ ప్రశ్నోత్తరాల సమయంలో కూడా ఈ తేడా కనిపిస్తుంది. నోటితో జవాబు చెప్పాల్సిన నక్షత్రపు గుర్తు ప్రశ్నలు రోజుకి 20 దాకా జాబితాలో ఉంటాయి, వాటికి కనీసం 15 రోజుల ముందు నోటీసివ్వాలి. అంత తీరిక ఉన్న ప్రశ్నకి అధికారులు రాసిచ్చిన కాగితం చూసి మంత్రి చదివేస్తారు, అందులో నిలదీసేదేముంది? ఆ వెంటనే సభ్యుడు లేచి వేసే అనుబంధ ప్రశ్న ఉందే, దానికి నోటీసు అక్కర్లేదు, కాగితమూ ఉండదు. నిలదీత జరిగితే అక్కడే జరగాలి.

ప్రశ్న: నిలదీయడం, నిగ్గదీయడం, నిగ్గు తేల్చడం. మూడూ ఒకటేనా?

జవాబు: మొదటి రెండూ దగ్గరివే, మూడోది వేరు. నిగ్గదీసేది మనిషిని, నిగ్గు తేల్చేది నిజాన్ని. కాబట్టి 'కమిటీ వాస్తవాలను నిగ్గదీస్తుంది' అని రాయకండి, నిగ్గు తేలుస్తుంది అనాలి. నిగ్గదీయడంలో వేడి ఎక్కువ, ఆవేశం ఎక్కువ. ఒక సినిమా పాట పుణ్యమా అని మళ్ళీ జనం నోళ్ళలో పడింది కానీ ఇప్పటికీ 'నిగ్గదీసి' అనే రూపం దాటి పెద్దగా బయటికి రాలేదు. రేపు మీ కొలీగ్ దగ్గరికెళ్ళి 'నిన్న మేనేజర్ని నిగ్గదీశాను' అని చూడండి, నవ్వకపోతే నన్నడగండి.

ప్రశ్న: మా తాతగారి పాత కోర్టు కాగితాల్లో 'అడ్డసవాళ్ళు' అనే మాట చూశాను. సవాలంటే ఛాలెంజి కదా, కోర్టులో ఛాలెంజి చేసుకోవడమేమిటి?

జవాబు: ఈ ఉత్తరం చూసి చాలా సంతోషమేసింది, ఆ కాగితాలు పారేయకండి.

సవాలు అరబ్బీ నుంచి వచ్చింది, అక్కడ దానికి ప్రశ్న అనే అర్థం. హిందీలో ఇప్పటికీ సవాల్ అంటే ప్రశ్నే. జవాబు కూడా ఆ బండిలోనే వచ్చింది. మన దగ్గర దిగాక జవాబు జవాబుగానే ఉండిపోయింది కానీ సవాలు మాత్రం మీసం మెలేసింది. 'దమ్ముంటే చర్చకు రా' అనేదాకా వెళ్ళిపోయింది. నాకేమనిపిస్తుందంటే, మన దగ్గర ఎవరినైనా ప్రశ్న అడిగితే ఛాలెంజి చేసినట్టే తీసుకుంటారు కాబట్టి ఆ మాటకి ఆ గతి పట్టడంలో వింతేమీ లేదు. (ఇది వ్యాకరణం కాదు, నా అక్కసు.)

అడ్డసవాళ్ళలో మాత్రం పాత అర్థమే బతికుంది. అడ్డసవాలంటే అడ్డుప్రశ్న, క్రాస్ ఎగ్జామినేషన్, అంటే అవతలి పక్షం సాక్షిని లాయరు అడిగే ప్రశ్న. కన్నడంవాళ్ళు దీన్నే పాటీ సవాలు అంటారు. హిందీలో జిరహ్ అంటారు, దాని మూలమైన అరబ్బీ మాటకి గాయం అని అర్థం. సాక్షిని గాయపరచడమే అనుకున్నారు కాబోలు, పేరు పెట్టినవాళ్ళెవరో బోనెక్కి దిగినవాళ్ళే అయ్యుండాలి. ఇప్పుడు మన కోర్టు వరండాల్లో అడ్డసవాలూ లేదు, పుస్తకాల్లో ఉన్న ప్రతిపరీక్షా లేదు. 'చీఫ్ అయింది, క్రాస్ రేపు' అంటారు, అంతే. (చీఫ్ అంటే సాక్షిని పిలిచిన లాయరే ముందు అడగడం.)

అది ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకి ఒక ముక్క.

'మీరు ముద్దాయిని ఎంత దూరం నుంచి చూశారు?'
'ముప్పై అడుగులుంటుందండి.'
'అప్పుడు టైమెంత?'
'రాత్రి ఎనిమిది దాటింది.'
'వీధి దీపం వెలుగుతోందా?'
'ఆరోజు కరెంటు లేదండి.'
'మీరు రోజూ కళ్ళజోడు పెట్టుకుంటారు కదా?'
'పెట్టుకుంటానండి.'
'అప్పుడు పెట్టుకున్నారా?'

ఇక్కడ సాక్షి తన లాయరు వైపు చూస్తాడు. అలా చూసిన సంగతి రికార్డులోకి ఎక్కదు కానీ జడ్జిగారి కంటపడుతుంది.

ఒక్క కటువైన మాట లేదు, 'మీరు' అనే మన్నన ఎక్కడా తగ్గలేదు, అయినా సాక్షికి చెమటలు పట్టాయి. కటువుతనం ప్రశ్నల వరసలో ఉంది. పైగా 'పెట్టుకుంటారు కదా' చూడండి, జవాబు ప్రశ్నలోనే పెట్టి అందిస్తున్నాడు. సొంత సాక్షిని ఇలా అడగబోతే అవతలి లాయరు లేచి అభ్యంతరం చెబుతాడు, అడ్డుప్రశ్నల్లో మాత్రం చట్టం దీన్ని ఒప్పుకుంటుంది. అలాగని ఏదైనా అడగొచ్చని కాదు. కేవలం అవమానించడానికో విసిగించడానికో వేసే ప్రశ్నల్ని కోర్టు ఆపాలని 1872 నాటి సాక్ష్య చట్టంలోనే ఉంది, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఉంది.

ప్రశ్న: 'పోలీసులు తమదైన శైలిలో విచారించగా నేరం అంగీకరించాడు' అని క్రైమ్ వార్తల్లో రాస్తారు. ఆ శైలి ఏమిటో ఎందుకు రాయరు?

జవాబు: రాస్తే కేసవుతుంది కాబట్టి రాయరు.

ఈ వాక్యం ఎవరు పుట్టించారో కానీ గట్టి తెలివైనవాడు. 'కొట్టారు' అని లేదు, 'కొట్టలేదు' అనీ లేదు. చదివిన ప్రతివాడికీ థర్డ్ డిగ్రీ అని అర్థమైపోతుంది, అడిగితే మాత్రం రాసినవాడు శైలి అంటే ఓర్పుగా అడగడమని చెప్పి తప్పుకోవచ్చు. ఇంగ్లీషు ఇంటరాగేషన్‌కి మనకి సరిపోయే మాట లేక కాదు, ఉన్న మాటతో చెప్పడానికి మొహమాటం.

అసలు విచారణ అనే మాటే మనవాళ్ళ చేతిలో పడి నలిగిపోయింది. సంస్కృతంలో విచారమంటే ఆలోచన. తెలుగులో విచారమంటే దిగులు, విచారించడమంటే కనుక్కోవడమూ అవుతుంది, బాధపడడమూ అవుతుంది. పేపర్లో పోలీసులు స్టేషన్లో అడిగితే విచారణ, కోర్టులో సాక్షుల్ని పిలిచి జరిపేదీ విచారణ, శాఖాపరంగా ఆఫీసరు వేసే ఎంక్వైరీ కూడా విచారణే. ఇలా రాస్తే చదివేవాడికి కేసు ఏ దశలో ఉందో తెలిసి చావదు. పోలీసులు ఆధారాలు సేకరించేది దర్యాప్తు అనీ, కోర్టులో జరిగేది విచారణ అనీ రాస్తే సగం గందరగోళం పోతుంది. పోలీసులు మనిషిని కూచోబెట్టి అడిగేదాన్ని 'ప్రశ్నించారు' అంటే చాలు. వాళ్ళది కూడా నిలదీయడమేనా అని ఇంకో పాఠకురాలు అడిగారు, కాదండీ. తాళం బయట వేసి ఉన్న గదిలో నిలదీయడం అనే మాటకి పని లేదు.

ఇక 'నేరం అంగీకరించాడు' దగ్గరికొస్తే, పోలీసుల ముందు ఒప్పుకున్నంత మాత్రాన కోర్టులో ఆ ఒప్పుకోలు నిందితుడి మీద రుజువుగా పనికిరాదు. ఇది పాత చట్టంలో ఉంది, కొత్తదాంట్లోనూ ఉంది. వాడు చెప్పిన చోటికి వెళ్తే నగో కత్తో దొరికిందనుకోండి, దొరికిన ఆ సంగతికి సంబంధించినంత మేరకే ఆ మాట చెల్లుతుంది. రాజ్యాంగం 20వ అధికరణం మూడో క్లాజు ఇంకా సూటిగా చెబుతుంది, నేరారోపణ ఉన్న ఎవరినీ తనకు తానే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదు. ఇష్టం లేకుండా నార్కో పరీక్ష, లై డిటెక్టరు పరీక్ష చేయడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2010లో తేల్చింది కూడా ఈ ఆధారం మీదే. కాబట్టి 'తమదైన శైలిలో' రాబట్టిన ఆ అంగీకారం ఫొటోతో సహా మర్నాటి పేపర్లో వస్తుంది, కోర్టుకెళ్ళేసరికి నిలవదు. మరి పేపర్లో చదివి వాడే దొంగ అని తీర్మానించుకున్న జనం సంగతి వేరే.

ప్రశ్న: ఇంటర్వ్యూలో నన్ను బాగా గ్రిల్ చేశారు అంటాం. దీనికి తెలుగు ఏమిటి?

జవాబు: వేపుకు తిన్నారు. ఇంగ్లీషువాడు సీకు మీద కాలిస్తే మనవాళ్ళు మూకుట్లో వేశారు, భావం ఒక్కటే. కాల్చుకు తిన్నారు, పీక్కు తిన్నారు అని కూడా అంటాం గానీ వాటిలో ప్రశ్నలకన్నా బాధపెట్టడం ఎక్కువ. కాబట్టి 'ప్రశ్నలతో' అని ముందు పెట్టుకోండి: ప్రశ్నలతో వేపుకు తిన్నారు. కుర్రాళ్ళైతే 'వైవాలో ఎక్స్‌టర్నల్ ఆడుకున్నాడు' అంటున్నారు, అదీ బాగుంది.

ఉతికి ఆరేశారు, ఏకిపారేశారు, కడిగిపారేశారు, దులిపేశారు మాత్రం ఇక్కడ వాడకండి. ఇవి తిట్టడం కిందికి వస్తాయి. ఏకడమంటే దూది ఏకడం, దూదిని ఎవరూ జవాబు అడగరు కదా. టీవీలో 'మంత్రిని ప్రశ్నలతో ఉతికి ఆరేసిన యాంకర్' అని వేస్తుంటారు. చూడబోతే యాంకరు పది నిమిషాలు తనే మాట్లాడి ఉంటాడు, కాబట్టి ఒక రకంగా ఆ హెడ్డింగు కరెక్టే.

యక్షప్రశ్నలు వేశారు అనడం గురించి కూడా ఇద్దరు రాశారు. కష్టమైన ప్రశ్నలు అనే అర్థంలో వాడుకోవచ్చు. వేధించారు అనే అర్థంలో వాడితే యక్షుడికి అన్యాయం జరుగుతుంది. భారతంలో ఆయన నీళ్ళు తాగేముందు జవాబు చెప్పమన్నాడు, వినకుండా తాగిన నలుగురు తమ్ముళ్ళూ పడిపోయారు, ధర్మరాజు ఓపిగ్గా చెప్తే ఆయనా ఓపిగ్గా విని చివరికి అందరినీ బతికించాడు. అంత శ్రద్ధగా వినే ఇంటర్వ్యూ బోర్డు మీకు దొరికితే దణ్ణం పెట్టి రండి.

ప్రశ్న: నిలదీసినప్పుడు బుకాయించాడు అనాలా, దబాయించాడు అనాలా?

జవాబు: ఏం చేశాడో చూసి అనాలి. చేసిన పనిని చేయలేదని మొహం మీదే అడ్డంగా కొట్టిపారేస్తే బుకాయింపు. చేశాను, అయితే ఏంటి, అసలు నువ్వేం తక్కువ తిన్నావా అని ఎదురు అరిస్తే దబాయింపు. దబాయించడం హిందీ దబానా నుంచి వచ్చింది, నొక్కేయడం. నిలదీసినవాడి నోరే నొక్కేస్తాడన్నమాట. చాలామంది బుకాయింపుతో మొదలుపెట్టి, సాక్ష్యం బయటపడగానే దబాయింపులోకి దిగుతారు. ఆ రెండూ చేతకానివాళ్ళు నీళ్ళు నములుతారు.

పైన చెప్పిన కుర్రాడు ఈ మూడో బాపతు. తువ్వాలు భుజాన వేసుకుని, గోడవైపు చూసి, 'అది కాదమ్మా...' అన్నాడు. ఏది కాదో ఇప్పటిదాకా చెప్పలేదు.